మా నాణేనికి మా చిల్లు తిరిగి వేయించుట గురించి

పోగొట్టుకున్న వస్తువుల శాఖాధికారి గారి సముఖమునకు, ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో డ్రిల్లింగు మిషను మీద పనిచేయు కార్మికుడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ శాఖవారు వేలం వేసిన వెండి నాణెం ఒకటి – కొన్న వ్యాపారి దాని చిల్లు పూడ్పించి తిరిగి అమ్మకానికి పెట్టుట – చిల్లు లేదను కారణముచే మా క్లెయిము తిరస్కరింపబడుట – సదరు చిల్లును తిరిగి వేయించవలసినదిగా ప్రార్థన.

సూచిక: నేను దాఖలు చేసుకున్న క్లెయిము, దానికి తమ కార్యాలయం వారు "గుర్తులు సరిపోలేదు" అని ఇచ్చిన జవాబు.

తమరికి నమస్కరించి విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు నాణెం మా నాన్నది. ఆయనకు ఎవరిచ్చారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మా ఇంట్లో అది రేకు డబ్బాలో గుండీల మధ్య పడి ఉండేది. ఆ నాణెం అచ్చయిన సంవత్సరంలో టంకశాలలో అచ్చుదిమ్మ పగిలి కొద్ది నాణేలే బయటికి వచ్చాయనీ, వాటికోసం దేశాలు పట్టుకు తిరిగే మనుషులున్నారనీ మాకు తెలియదు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు దొరికిందని ఇప్పుడు ఫ్యాక్టరీలో నన్ను ఆటపట్టిస్తున్నారు. నిజమే. తెలిసి ఉంటే అమ్ముకుని బాగుపడేవాళ్లం. తెలియదు గనుకనే అది మా అమ్మాయి మెడలోకి వెళ్లింది.

2. సదరు మైనరు బాలిక (ఇంట్లో పిలుపు: పిడుగు) మూడేళ్ల వయసులో గుండీల డబ్బా బోర్లించి ఆ నాణెం పట్టుకుంది. నోట్లో పెట్టుకుంటుందని మా ఆవిడ లాక్కుంటే ఇల్లు పీకి పందిరేసింది. "ఆ బిళ్లేదో దాని మెడలో వేసెయ్యండి, గొడవ వదిలిపోతుంది" అని మా ఆవిడే అన్నది. మర్నాడు భోజనాల విరామంలో నేను దాన్ని నా మిషను మీద బిగించి, నాణెం మీది బొమ్మ మనిషి చెవికి కాస్త పైన చిల్లు వేశాను. మా ఫోర్‌మన్ వెనక నుంచి తొంగిచూసి, "ఏకంగా సర్కారు వారి తలకే తూటు పెడుతున్నావా, కటకటాలు లెక్కపెడతావురోయ్" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. వెండి మెత్తన గనుక డ్రిల్లు బిట్టు సులువుగా దిగింది. అంచులు గుచ్చుకోకుండా నున్నగా రుద్ది, తోలు కుట్టే గట్టి దారం ఎక్కించి సాయంత్రం మెడలో వేశాను. అది మొదలు స్నానానికి కూడా తియ్యనిచ్చేది కాదు. ఆ చిల్లుకు కన్ను ఆనించి మమ్మల్ని చూసి, "అమ్మ చిన్నదైపోయింది, నాన్న చిన్నోడైపోయాడు, ఇంక నేనే పెద్ద" అనేది. ఆ లెక్కన మా ఇద్దరికీ రోజూ హుకుములు జారీ చేసేది.

3. పిడుగుకు ఎనిమిదో ఏడు నడుస్తుండగా జ్వరం వచ్చింది, తగ్గలేదు. మా డాక్టరు పక్క పట్నంలోని పెద్దాసుపత్రికి రాశాడు. అక్కడ ఎక్స్‌రే తీసే ముందు ఒంటిమీద లోహం ఉండకూడదని నర్సు దారాన్ని తల మీదుగా తీసి మా ఆవిడకు ఇచ్చింది. ఆవిడ దాన్ని సంచిలో వేసుకుంది. "మళ్లీ వేస్తావుగా?" అని పిడుగు అడిగింది. వేస్తానన్నది వాళ్లమ్మ. ఆ మాట చెల్లించుకునే యోగం మాకు లేకపోయింది. ఆసుపత్రి వారిచ్చిన ధ్రువపత్రం నకలు దీనితో జతపరిచాను. ఈ అంశం మీద ఇంతకంటే వివరంగా వ్రాయుటకు అశక్తుడను.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో బిడ్డతో పాటు ఒక్కరికే చోటన్నారు. నేను ఎక్కాను. తోడు వచ్చిన మా అక్క మా ఆవిడ రెక్క పట్టుకుని బస్సులో తీసుకొచ్చింది. కన్నతల్లి బస్సులో రావడమేమిటని ఆ పూట మాలో ఒక్కరికీ తోచలేదు. ఎవరు ఎటు నడిపిస్తే అటు నడిచాం. సంచి బస్సులో పై అరలోనే ఉండిపోయింది. కండక్టరు దాన్ని తమ శాఖకు నిజాయితీగా అప్పగించాడు. ఆయన మీద మాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు.

4. నెలలు గడిచాక ఒకరోజు మా ఆవిడ మంచాల కిందా, పరుపుల కిందా వెతుకుతూ "దాని బిళ్ల ఏదండీ?" అనడిగింది. అప్పుడు గుర్తొచ్చింది సంచి. వెంటనే తమ కార్యాలయానికి వచ్చాను. కౌంటరులో ఉన్న అమ్మాయి మర్యాదస్తురాలు. కుర్చీ వేసింది, పుస్తకం తిరగేసింది.

"సంచి ఉందండీ. నాణెం మాత్రం తీసి విలువైన వస్తువుల గదిలో పెట్టారు. మీదేనని గుర్తేమన్నా చెప్పగలరా?"

"చిల్లుందమ్మా. బొమ్మ చెవికి కాస్త పైన."

"ఇంకేం, అంతకంటే గుర్తు ఏం కావాలి?" అని, గుర్తు అన్నచోట చిల్లు అని రాసుకుంది.

సంచి అయినా ఇవ్వమ్మా అన్నాను. సంచీ, నాణెం అన్నీ ఒకే క్లెయిము కింద వస్తాయి గనుక విడివిడిగా ఇవ్వడానికి లేదన్నది. ఫైలు మేడ మీదికి వెళ్లి సంతకమై రావాలన్నది. ఫైలు మేడ ఎక్కింది. అది దిగేలోపల కింద వేలం జరిగింది. క్లెయిము పెండింగులో ఉన్న వస్తువును వేలం వేయరాదని తమ నోటీసు బోర్డు మీద అద్దాల వెనక పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దాన్ని మీ వాళ్లు చదవరని నేననను. రోజూ కళ్లముందు ఉండేది ఎవరికీ కనబడదు.

5. వేలం జరుగుతున్నట్టు నాకు ముందు తెలియదు. నా ఫైలు సంగతి కనుక్కుందామని వచ్చిన రోజే అది జరుగుతోంది. హాల్లో చేతిగడియారాలు, గొడుగులు, సంగీత వాద్యాలు, కట్టుడు పళ్లు కూడా వరసగా పేర్చి ఉన్నాయి. పళ్లు పోగొట్టుకుని బస్సు దిగిపోయిన వాళ్లను తలుచుకుని కాస్త నవ్వొచ్చింది. ఆ తరవాత ఒక ట్రే తెచ్చారు. ఉంగరాలు, పతకాలు, పాత నాణేలు కలగలుపుగా ఒకే లాటు. అందులో దారంతో సహా ఉంది మా బిళ్ల.

నేను లేచి "అది మాది" అన్నాను.

వేలం పాడించే ఆయన సుత్తి ఆపి, "అరవకూడదండీ. కావాలంటే చెయ్యెత్తండి" అన్నాడు.

చెయ్యెత్తాను.

"కార్డు లేకుండా చెయ్యెత్తకూడదండీ" అన్నాడు.

కార్డు ఎక్కడిస్తారంటే నిన్న ఇచ్చేశామన్నారు. నా చెయ్యి అలా పైనే ఉండగా లాటు అమ్ముడైపోయింది. కొన్నది నాణేల వ్యాపారి ఒకాయన. మెడలో ఎప్పుడూ భూతద్దం వేలాడుతుంది గనుక అందరూ ఆయనను భూతద్దం గారు అంటారు. ముందు బెంచీ మీద ఆ వ్యాపారం వాళ్లే వరసగా కూర్చున్నారు. ఆయన ఒక్కడే పాడాడు, మిగతావాళ్లు కిటికీలోంచి ఆకాశం చూశారు. వానొచ్చేలా ఉందేమోనని నేనూ చూశాను. ఏమీ లేదు.

6. ఆ ఆకాశం చూడడంలోని అర్థం నాకు రోడ్డవతల టీ దుకాణంలో తెలిసింది. వాళ్ల వెనకే వెళ్లాను. అక్కడ వాళ్లలో వాళ్లు ఇంకో వేలం పెట్టుకున్నారు. ఒక్కొక్క వస్తువుకీ తలా ఒక చీటీ మీద అంకె రాసి తన కప్పు కింద పెడతాడు. అందరి కప్పులూ ఒకేసారి ఎత్తుతారు. పెద్ద అంకె రాసినవాడిది సరుకు, హాల్లో పాడిన ధరకు పైన వచ్చిన తేడా అందరికీ వాటా. అంటే హాల్లో మీ ముందు జరిగింది వేలం కాదు. మీరు సుత్తి కొట్టింది ఒట్టి బల్ల మీద. తమ శాఖకు వచ్చిన నష్టాన్ని తమ దృష్టికి తేవడం పౌరుడిగా నా ధర్మం కాబట్టి తెస్తున్నాను. కానీ ఆ సమయంలో నా కళ్లు వాళ్ల లెక్కల మీద లేవు. మా బిళ్ల టీ మరకల బల్ల మీద దొర్లుతోంది. దాన్ని ఒకడు దారం పట్టుకుని పైకెత్తి, "చిల్లు పెట్టిన మహానుభావుడెవడో గానీ చేతులు నరకాలి" అన్నాడు.

నేనే పెట్టానన్నాను. అందరూ నా వైపు తిరిగారు. పిడుగు సంగతి చెప్పాను. బస్సు సంగతీ, వ్యాను సంగతీ చెప్పాను. ఎవరూ కసురుకోలేదు. ఒకాయన తన టీ నా ముందుకు జరిపాడు. భూతద్దం గారు ఊరుకోండి ఊరుకోండి అంటూ నా భుజం తట్టి, "వారం పోయాక షాపుకి రండి, చూద్దాం" అని చెప్పి, కప్పుల పాటలోనూ తనకే దక్కిన నాణేన్ని చొక్కా జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ "చూద్దాం" అన్నమాట పట్టుకుని ఇంటికెళ్లి మా ఆవిడకు బిళ్ల దొరికిందే అని చెప్పాను.

7. చెప్పిన ప్రకారం షాపుకు వెళ్లాను. అద్దాల పెట్టెలో, నల్ల గుడ్డ మీద, దీపం కింద ఉంది. పక్కన చిన్న అట్టముక్క: "అరుదైన సంవత్సరం. మచ్చలేనిది. దాదాపు వాడకం లేనిది." నేను వంగి చూశాను, పక్కకు జరిగి చూశాను. చెవి ఉంది. చెవి పైన జుట్టు ఉంది, పాయలు పాయలుగా.

"చిల్లు ఏదండీ?" అన్నాను.

"ఏ చిల్లు?" అన్నాడు.

షాపులో ఇంకెవరూ లేకుండా చూసుకుని కాస్త మెత్తబడ్డాడు. "చూడు తమ్ముడూ. నాకు నీ మీద పగా? నేనూ పిల్లలున్నవాణ్ణే. చిల్లు పడ్డ నాణెమంటే చచ్చిన నాణెం. ఎవడూ ముట్టుకోడు. అలాంటిదాన్ని తీసుకెళ్లి బతికించాను. ఇప్పుడు అది పెద్ద వేలానికి వెళ్తుంది, మంచి చోట, మంచివాళ్ల దగ్గర ఉంటుంది. నీకు కావాలంటే చెప్పు, ధరలో కాస్త తగ్గిస్తా."

ఆయన చెప్పిన ధర నా మిషను అమ్మినా, దాని పక్కన నన్ను నిలబెట్టి కలిపి అమ్మినా రాదు. కానీ నాకు తగిలినది ధర కాదు. చచ్చినదాన్ని బతికించానని అంత తేలిగ్గా అనేశాడు.

8. ఆపైన తమ కార్యాలయం వారు పరిశీలనకు పిలిచారు. భూతద్దం గారు నాణెం తెచ్చారు. నేను మా ఆవిడను తీసుకొచ్చాను. కౌంటరు అమ్మాయి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది, వెలుతురుకు ఎత్తి చూసింది, భూతద్దం గారి భూతద్దమే అడిగి తీసుకుని చూసింది. పాపం, దొరకాలనే చూసింది. చివరికి "చిల్లు లేదండీ" అన్నది, తప్పు తనదైనట్టు. అలాగే రాసింది. దాని మీద తమ సంతకమైంది. క్లెయిములో చెప్పిన గుర్తు వస్తువు మీద లేదు గనుక వస్తువు క్లెయిముదారుది కాదు. చదవడానికి ఎంత సక్రమంగా ఉందో! దొంగ మీసాలు గొరిగించుకుంటే ఇక దొంగతనం జరగలేదని రాసినట్టుంది. కోపంలో అన్న మాట, మన్నించాలి.

మా ఆవిడ ఆ రోజు నాణేన్ని చేతిలోకి తీసుకుని బొటనవేలితో చెవి పైన రుద్దింది. నునుపుగా తగిలింది కాబోలు, తిరిగి బల్ల మీద పెట్టేసింది. బస్సులో ఇంటికి వచ్చేదాకా పలకలేదు. ఆ రూటు బస్సెక్కితే ఆవిడ ఎప్పుడూ పలకదు.

9. చిల్లు పూడ్చిన మనిషిని కనుక్కున్నాను. పాత నగలకూ, నాణేలకూ అతుకులు వేసే ముసలాయన. అందరూ అతుకుల తాత అంటారు. మెట్ల కింద గదిలో, మోకాళ్ల మీద తోలుగుడ్డ పరుచుకుని కూర్చుంటాడు, రాలిన వెండి రజను పోకుండా. నేను అడగ్గానే దాచలేదు.

"నేనే పూడ్చాను నాయనా. దారం కూడా నేనే కోసి తీశాను. కూలికి చేసే పని, ఎవరిదని అడగం."

"అయితే పూడ్చానని ఆ శాఖ ఆఫీసరు గారి ముందు చెప్తావా తాతా?"

"చెప్తాను, నాకేం భయం? కానీ ఎక్కడ పూడ్చావు చూపించమంటే మాత్రం చూపించలేను. చూపించగలిగితే ఇక నేను పని చేసినట్టేముంది? జుట్టు పాయలు కూడా చెక్కి కలిపేశాను."

ఆయన గొప్పకు అనలేదు, ఉన్నమాట అన్నాడు. నేనూ పనివాణ్ణే గనుక ఎలా చేశావని అడిగాను. అడగకుండా ఉండవలసింది.

"ముందు అంచులు శుభ్రంగా కొయ్యాలి. పాత అంచుకి కొత్త వెండి పట్టదు. పైగా నీ చిల్లు గుండ్రంగా లేదు, పైకి కోలగా సాగి ఉంది. అది కోసేసి గుండ్రంగా చేసి, దానికి తగ్గ బిళ్ల దిగ్గొట్టాను."

"నేను గుండ్రంగానే వేశాను తాతా."

"మరి కోలగా ఉందే."

గుండ్రంగా వేసిన చిల్లు కోలగా ఎందుకవుతుంది? దారం ఒరుసుకుని అవుతుంది. నాలుగేళ్లకు పైగా దాని మెడలో ఊగి, అది పరిగెత్తి, గంతులేసి, మెట్ల మీద నుంచి దూకితే అవుతుంది. అయ్యా, నా బిడ్డ ఈ లోకంలో పెద్ద పనులేమీ చేసి వెళ్లలేదు. బడి పుస్తకాల్లో సగం పేజీలు తెల్లగా ఉన్నాయి. ఒక వెండి నాణెం మీద ఆవగింజంత మేర అరగదీసింది. అది ఒక్కటే దాని చేతిపని. దాన్ని కోసి పారేశారు. రాలిన రజను తోలుగుడ్డ మీద పడితే కరిగించి ఇంకో అతుకుకు వాడేసి ఉంటారు. తాత నా మొహం చూసి "తప్పు చేశానా?" అని అడిగాడు. లేదు తాతా, పని బాగా చేశావు అన్నాను.

10. పై పేరాలో అర్జీ పద్ధతి తప్పినట్టున్నది. కొట్టివేసి తిరగరాద్దామంటే రాయలేకపోతున్నాను, అలాగే ఉంచుతున్నాను.

11. నేను ఇప్పుడు చిల్లు వేసినా అది నేను వేసిన చిల్లే అవుతుంది, నా బిడ్డది కాదు. ఈ విషయం నాకు తెలియకపోలేదు. కానీ చిల్లు లేనిదే నాణెం మాదని తమరు ఒప్పుకోరు. నాణెం మాది కానిదే చిల్లు వేయడానికి నాకు హక్కు లేదు. ఈ రెంటి మధ్య నేను కొంతకాలంగా తిరుగుతున్నాను. ఫోర్‌మన్ సెలవు ఇవ్వడం మానేశాడు. ఎవరో ఒకరు ముందు పట్టు వదలాలి. తమరు పెద్దలు గనుక తమరే వదలాలని వేడుకొనుచున్నాను.

కావున తమరు దయతలచి:

(అ) సదరు నాణెం పెద్ద వేలంలో తిరిగి అమ్ముడుపోకుండా నిలుపు ఉత్తర్వులు జారీ చేయించాలనీ;

(ఆ) టీ దుకాణంలో కప్పుల కింద జరిగే రెండో వేలం గురించి విచారణ జరిపించాలనీ, అది నా ఒక్కడి కోసం కాదు, రేపు ఇంకెవరిదో ఏదో ఆ బల్ల మీద దొర్లుతుంది గనుక;

(ఇ) తమ సమక్షంలో, భూతద్దం గారి సమక్షంలో, బొమ్మ చెవికి కాస్త పైన, నా సొంత చేతి డ్రిల్లుతో చిల్లు వేయడానికి నాకు అనుమతి ఇప్పించాలనీ, కరెంటు కూడా అక్కర్లేదు, తమ బల్ల పాడవకుండా కింద చెక్కముక్క నేనే తెచ్చుకోగలననీ;

(ఈ) అట్లు చిల్లు పడిన పిదప గుర్తు సరిపోయినట్టు నమోదు చేసి, చచ్చిన నాణెం ఇక ఎవరికీ పనికిరాదు గనుక, దాన్ని మాకు ఇప్పించాలనీ

ప్రార్థించుచున్నాను. తమకు బిడ్డలుంటే వాళ్లు చల్లగా ఉండాలి. నా ఈ మొర చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
పిడుగు తండ్రి

తా.క.: పై అర్జీ అంతా రాసి, తప్పులుంటే చెప్పమని మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ గిన్నెలు తుడిచి గూట్లో సర్దుతూ వింటోంది. తొమ్మిదో అంశం దగ్గర చెయ్యి ఆగింది.

"గంతులేసి అవలేదండీ అది కోలగా" అన్నది.

"మరి?"

"సాయంత్రం మీరొచ్చే వేళకి కిటికీ ఎక్కి కూర్చునేది. మీరు సందు తిరిగేదాకా ఆ బిళ్ల పట్టుకుని కిందికి లాగుతూనే ఉండేది. దారం తెగుతుందే, వదలవే అంటే, నాన్న వచ్చాక వదుల్తా అనేది. మీరు ఓవర్‌టైము చేసిన రోజు మెడ మీద ఎర్రగా చార పడేది."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఏముంది చెప్పడానికి? మీరు కనబడగానే వదిలేసేది కదా."

బిడ్డ పోయిన తరవాత ఆవిడ దాన్ని గురించి ఇన్ని మాటలు మాట్లాడడం ఇదే మొదలు. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. ఇన్నాళ్లూ ఆవిడ ఒక గదిలో, నేనొక గదిలో ఏడ్చేవాళ్లం.

తరవాత ఆవిడ మొహం కడుక్కుని వచ్చి, "ఆ బిళ్ల పోనీండి. అందులో ఇప్పుడు అది లేదు. మీరు మళ్లీ తూటు పెట్టొద్దు" అన్నది. కాబట్టి విన్నపములలో (అ), (ఇ), (ఈ) రద్దు చేయవలెను. (ఆ) మాత్రం ఉంచవలెను.

అంతటితో ఊరుకోలేదు. "మరి సంచిలో మిగతావి ఎవరు కొన్నారు?" అనడిగింది.

"ఎవరు కొంటారే? డీలర్లు బట్టలు ముట్టుకోరు. వాటికి ధరే కట్టలేదట."

"అయితే అవి ఇంకా అక్కడే ఉన్నాయన్నమాట."

మొదటి రోజు కౌంటరులో సంచి అడిగి ఊరుకున్నాను, ఆ తరవాత నాకు ఆ ఆలోచనే రాలేదు. ఇన్నాళ్లూ ధర ఉన్నదాని చుట్టూనే తిరిగాను.

కాబట్టి అయ్యా, అసలు విన్నపం ఇది. సంచిలో ఒక స్వెట్టరు ఉండాలి. గుర్తులు మా ఆవిడ చెబుతుండగా రాస్తున్నాను: పసుపు రంగు. ఎడమ చేతి అంచు ఊలు ఊడింది, కొరికేది. పై గుండీ ఒక్కటి వేరే రంగు. ముందువైపు మందు ఒలికిన మరక ఉంది, సగం తాగి ఉమ్మేసింది. ఎక్స్‌రే గదిలోకి పంపేటప్పుడు ఒంటిమీద నుంచి తీసినది, మళ్లీ తొడగలేదు. మా ఆవిడ రేపు పొద్దున తమ ఆఫీసు తెరిచే వేళకు గుమ్మంలో ఉంటుంది, బస్సులోనే వస్తుంది. మురికిగా ఉందని ఈలోపు ఎవరైనా మంచి మనసుతో ఉతికి పెడతారేమోనని ఆవిడ భయం. దయచేసి ఉతకవద్దు.